పాత అమెరికన్ సినిమా డిస్కు: కొనేముందు ఏం చూడాలి, ఇంట్లో ఎలా వేసుకోవాలి

మా నాన్న విజయవాడ నుంచి ఇక్కడికి, అమెరికాకి, వచ్చిన రెండో వారం. మా ఊరి లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు, డిస్కులు అమ్మకానికి పెడితే, డాలరు ఇచ్చి 60ల నాటి వెస్టర్న్ (కౌబాయ్ సినిమా) డీవీడీ ఒకటి తెచ్చాను. రాత్రి భోజనాలయ్యాక వేశాం. చివర్లో ఇద్దరు తుపాకులతో ఎదురెదురుగా నిలబడే సీను వచ్చింది. తెర మీద ఒక్కడే ఉన్నాడు. రెండోవాడిది కుడివైపు చివర్న భుజం, టోపీ అంచు మాత్రమే కనిపిస్తున్నాయి. “రెండోవాడేడిరా?” అన్నారు నాన్న. డిస్కు బయటికి తీసి దీపం కింద పెట్టి చూస్తే, మధ్య కన్నం చుట్టూ చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఫుల్ స్క్రీన్’ అని ఉంది. అవతలి వైపు ‘వైడ్‌స్క్రీన్’. తిప్పి పెట్టాను. అదే సీనులో ఇప్పుడు ఇద్దరూ ఉన్నారు. వాళ్ల మధ్య ఖాళీ వీధి, వెనక కట్టేసిన గుర్రాలు, ఒక గుమ్మంలో ఊపిరి బిగబట్టి చూస్తున్న ఆడమనిషి, అన్నీ ఉన్నాయి. నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నారు.

ఆ రోజు నుంచి సినిమా పేరు ఒక్కటే చూసి డిస్కు కొనడం మానేశాను. పాత సినిమా విషయంలో ఏ సినిమా అన్నది సగం ప్రశ్నే. ఏ డిస్కు అన్నది మిగతా సగం. అమెరికన్ యాక్షన్, డ్రామా సినిమాలు అరవై డెబ్బై ఏళ్లుగా థియేటర్ నుంచి టీవీకి, అక్కణ్నుంచి క్యాసెట్‌కి, లేజర్ డిస్కుకి, 1997లో అమెరికాలో డీవీడీకి, 2006లో బ్లూ-రేకి, 2016లో 4కె డిస్కుకి మారుతూ వచ్చాయి. మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు కొంత కత్తిరించారు, కొంత రుద్దారు, కొంత బాగుచేశారు. వాటిలో మీ చేతికి ఏది వస్తోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఎలాగో చెబుతాను.

ముందు మీ ప్లేయరు సంగతి తేల్చుకోండి

డిస్కు కొనకముందే చేయాల్సిన పని ఇది. డిస్కు ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే రీజియన్ అంకె ఒకటుంటుంది. అమెరికాలో అమ్మే డీవీడీ రీజియన్ 1. ఇండియాది రీజియన్ 5. యూరప్, జపాన్‌లవి 2. ఇండియాలో కొన్న ప్లేయరులో అమెరికా డీవీడీ వేస్తే, రీజియన్ సరిపోలేదని తెర మీద రాసి ఆగిపోవచ్చు. డిస్కు చెడిపోయిందని దాన్ని పారేసినవాళ్లు నాకు తెలుసు. డిస్కుకేమీ కాలేదు, తాళం పడిందంతే. చాలా డీవీడీ ప్లేయర్లకు రిమోట్‌తో కొన్ని అంకెలు నొక్కితే ఆ తాళం తీసే పద్ధతి ఉంటుంది. మీ ప్లేయరు మోడల్ నంబరు పెట్టి వెతకండి. కంప్యూటర్ డ్రైవ్ అయితే రీజియన్‌ని ఐదుసార్లే మార్చనిస్తుంది. ఐదోసారి ఎక్కడ ఆపితే అక్కడే ఉండిపోతుంది, కాబట్టి సరదాకి మార్చకండి.

బ్లూ-రేకి అంకెలుండవు, అక్షరాలుంటాయి. అమెరికా ఎ, యూరప్, ఆస్ట్రేలియా బి, ఇండియా సి. అయితే అన్ని బ్లూ-రేలకూ తాళం ఉండదు. వార్నర్ స్టూడియో పాత సినిమాలను తెచ్చే వార్నర్ ఆర్కైవ్ డిస్కులు ఎక్కువ శాతం ఎక్కడైనా ఆడతాయి. మంచి సినిమాలను ఏరి శ్రద్ధగా డిస్కులు వేసే క్రైటీరియన్ వాళ్ల అమెరికా బ్లూ-రేలు మాత్రం ఎ తాళంతోనే వస్తాయి. 4కె డిస్కులకు రీజియన్ బెడద లేదు, ఏ దేశంలో కొన్నా ఆడతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, 4కె పెట్టెలో జతగా పెట్టే మామూలు బ్లూ-రేకి తాళం ఉండొచ్చు. గేమ్ కన్సోల్‌లో చూసేవాళ్లకు ఇంకో మాట. ప్లేస్టేషన్ 4 ఏ రకమైనా 4కె డిస్కు ఆడించదు, ప్రో అని పేరున్నది కూడా. డిస్కు డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఆడిస్తాయి.

రీజియన్ కాక పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా ఒకటుంది. ఇవి టీవీ సిగ్నల్ పద్ధతులు, ఇండియా, యూరప్‌లది పాల్, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. ఇండియా ప్లేయర్లు, టీవీలు సాధారణంగా రెండూ తీసుకుంటాయి. అమెరికాలో కొన్నవి చాలావరకు పాల్ తీసుకోవు. అంటే ఈ ఒక్క విషయంలో అమెరికా నుంచి ఇండియాకి డిస్కులు తీసుకెళ్లడం తేలిక. లండన్ నుంచో హైదరాబాద్ నుంచో పాల్ డిస్కు అమెరికాకి తెస్తేనే తలనొప్పి.

అట్ట వెనక్కి తిప్పి చదవండి

ముందు బొమ్మ మీద ‘డిజిటల్లీ రీమాస్టర్డ్’ అని బంగారు రంగులో రాసి ఉంటుంది. దాన్ని పట్టించుకోవద్దు. పైన పటారం లోన లొటారం అన్నమాట ఇలాంటి అట్టల కోసమే పుట్టిందేమో. అసలు సంగతులన్నీ వెనక, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

మొదట చూడాల్సింది తెర కొలత, అంటే ఎత్తుకి వెడల్పు ఎన్ని రెట్లో చెప్పే అంకె. 1.33 లేదా 1.37 అంటే పాత చదరపు తెర. 1953కి ముందు తీసిన సినిమాలకు అదే సరైన కొలత, అక్కడ పక్కల నల్లగా ఉంటే కంగారుపడకండి. 1953లో సినిమాస్కోప్ వచ్చాక తెర సాగింది. 1.85, 2.35 లాంటి అంకెలు మొదలయ్యాయి. మనకిది కొత్త కాదు. 1974లో అల్లూరి సీతారామరాజు తెలుగులో మొదటి సినిమాస్కోప్‌గా వచ్చినప్పుడు తెర పక్కలకి విచ్చుకుంటుంటే చూసినవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెబుతారు. 2.35 కొలతలో తీసిన సినిమాని చదరపు టీవీకి సరిపోయేలా నరికితే నూటికి నలభైమూడు వంతుల బొమ్మ పోతుంది. నాన్న అడిగిన రెండోవాడు పోయింది ఆ నలభైమూడు వంతుల్లోనే. ‘ఫుల్ స్క్రీన్’ అని ఉన్నా, సినిమాకి ముందు ‘ఈ చిత్రాన్ని మీ టీవీకి తగ్గట్టు మార్చాం’ అనే అర్థంలో ఇంగ్లీషు కార్డు పడినా, 1953 తర్వాతి సినిమా అయితే వదిలేయండి.

డీవీడీ అయితే ‘అనామార్ఫిక్’ అనో, ‘ఎన్‌హాన్స్‌డ్ ఫర్ 16:9’ అనో ఉందా చూడండి. వెడల్పు టీవీ కోసం బొమ్మని డిస్కు నిండా సర్దారని దానర్థం. 90ల చివర్లో వచ్చిన తొలి డీవీడీలు చాలావాటికి అది ఉండదు. వాటిని ఇప్పటి టీవీలో వేస్తే సినిమా నడిమధ్యన ఉత్తరం కవరంత బొమ్మగా, నాలుగువైపులా నలుపుతో వస్తుంది. జూమ్ చేస్తే మసక. అసలే డీవీడీలో అమెరికా పద్ధతిలో అడ్డంగా 720, నిలువుగా 480 చుక్కలే. ఆ కొద్దిలో సగం నలుపుకే పోతే ఇంక మిగిలేదేముంది?

తర్వాత నిడివి. దీన్ని నేను ఎప్పుడూ వదలను. సెర్జియో లియోనె తీసిన వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా సంగతే తీసుకోండి. 1984లో అమెరికా థియేటర్లలోకి దాన్ని 139 నిమిషాలకు కోసి, వెనకా ముందూ జరిగే కథని వరసగా సర్ది వదిలారు. యూరప్‌లో 229 నిమిషాలు ఆడింది. 2012లో మరికొన్ని సీన్లు కలిపి 251 నిమిషాలది తయారుచేశారు. పేరు ఒకటే, మూడు నిడివులు. 139 నిమిషాలది చూసి ఈ సినిమా బాగాలేదు అంటే తప్పు చూసినవాళ్లది కాదు. అలాగే సామ్ పెకిన్‌పా తీసిన ది వైల్డ్ బంచ్‌కి పూర్తి నిడివి 145 నిమిషాలు. అంతకంటే పది నిమిషాలు తక్కువ ఉంటే ఫ్లాష్‌బ్యాక్‌లు ఎగిరిపోయాయని అర్థం.

కానీ నిడివి తక్కువ కనిపించినంత మాత్రాన కోత పడిందనీ అనుకోవద్దు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాల్ డీవీడీలో సెకనుకు 25 నడుస్తాయి. అంచేత 172 నిమిషాల ది గ్రేట్ ఎస్కేప్ యూరప్ డీవీడీలో సుమారు 165 నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క సీను కూడా పోలేదు, అంతా ఒక పిసరు వేగంగా నడిచింది, గొంతులు కాస్త సన్నబడ్డాయి. నూరు నిమిషాలకు నాలుగు నిమిషాల తేడా అని లెక్క వేసుకోండి. బ్లూ-రేలో మామూలుగా ఈ తంటా ఉండదు.

బ్రిటన్ డిస్కుల మీద ఇంకో విషయం, వెస్టర్న్‌లు ఇష్టపడేవాళ్ల కోసం. అక్కడ 1937 నాటి చట్టం ఒకటుంది. జంతువులను హింసించి తీసిన సీను చూపించకూడదు. పాత అమెరికన్ సినిమాల్లో గుర్రాల కాళ్లకు తీగ కట్టి పడేసేవాళ్లు. ఆ పడిపోయే షాట్లు బ్రిటన్ డిస్కుల్లో చాలాసార్లు కత్తిరించి ఉంటాయి. ఆ చట్టం మంచిదే. ఆ గుర్రాల సంగతి తలచుకుంటే నాకూ మనసు చివుక్కుమంటుంది. కానీ కొనేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇక సబ్‌టైటిల్స్. మనలో చాలామందికి, ముఖ్యంగా పెద్దవాళ్లకి, డెబ్బైల నాటి న్యూయార్క్ పోలీసు గొణుగుడు సబ్‌టైటిల్స్ లేకుండా అర్థం కాదు. పాత అమెరికా డీవీడీల మీద ‘సీసీ’ అని గుర్తు ఉంటుంది. అది చూసి సబ్‌టైటిల్స్ ఉన్నాయనుకుని కొంటాం. ఆ సీసీ పాత టీవీల కోసం సిగ్నల్‌లో దాచిపెట్టినది. హెచ్‌డీఎంఐ తీగలోంచి అది రాదు. ఇప్పటి టీవీకి కలిపితే తెర మీద అక్షరం ముక్క కనపడదు. అట్ట మీద ‘సబ్‌టైటిల్స్: ఇంగ్లీష్’ అనో ‘ఎస్‌డీహెచ్’ అనో (వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం ఇచ్చే సబ్‌టైటిల్స్) విడిగా రాసి ఉంటేనే నమ్మండి.

శబ్దం గురించి ఒక మాట. పాత సినిమాలు చాలా మటుకు మోనోలో, అంటే ఒకే స్పీకరు శబ్దంతో, తీసినవి. వాటికి తర్వాత 5.1, అంటే చుట్టూ పెట్టిన స్పీకర్లలోంచి వచ్చే శబ్దం, తగిలిస్తారు. కొందరు జాగ్రత్తగా చేస్తారు, కొందరు తుపాకీ చప్పుళ్లే మార్చేస్తారు. 1984 నాటి ది టెర్మినేటర్‌కి అదే జరిగింది. కొత్త మిక్స్‌లో తుపాకుల మోత పాతది కాదు. మోనో, 5.1 రెండూ ఇచ్చిన డిస్కు దొరికితే దాన్నే తీసుకోండి, మోనోలోనే ముందు వినండి.

ఎవరి ప్రింటు, ఎలా తుడిచారు

మన ఊళ్లో ‘ప్రింటు బాగుందా?’ అని అడిగేవాళ్లం కదా, డిస్కుని కూడా అదే అడగాలి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

అమెరికాలో కొన్ని పాత సినిమాల హక్కులు సకాలంలో రెన్యూ చేయక అందరి సొత్తు అయిపోయాయి. అలాంటి సినిమాని ఎవరైనా డిస్కు వేసి అమ్ముకోవచ్చు. ఎక్కడో దొరికిన అరిగిపోయిన 16 ఎంఎం (సన్న ఫిల్ము) ప్రింటు తీసుకుని, ఒక డబ్బాలో యాభై సినిమాలు కుక్కి ఐదు డాలర్లకు అమ్మేవాళ్లున్నారు. మార్లన్ బ్రాండో దర్శకత్వం వహించిన ఒకే ఒక్క సినిమా, 1961లో వచ్చిన వన్-ఐడ్ జాక్స్, ఏళ్ల తరబడి ఇలాగే దిక్కులేనిదై తిరిగింది. విస్టావిజన్‌లో తీశారు దాన్ని. అంటే ఫిల్ముని నిలువుగా కాకుండా అడ్డంగా నడిపి, పెద్ద ఫ్రేములో కాలిఫోర్నియా సముద్రతీరాన్ని పట్టారు. ఆ చౌక డిస్కుల్లో సముద్రం బురదనీళ్లలా ఉండేది. మార్టిన్ స్కోర్సేసీ, స్టీవెన్ స్పీల్‌బర్గ్ పూనుకోవడంతో యూనివర్సల్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి దాన్ని 4కెలో బాగుచేశాయి. 2016లో క్రైటీరియన్ డిస్కు వచ్చింది. నేను ముందు చౌకది చూశాను, తర్వాత ఇది చూశాను. బండరాళ్ల మీద అల విరిగి, తుంపరలు ఎగిరి, వెనక్కి జారేదాకా ప్రతి చుక్కా కనపడుతుంది. పగ పెంచుకుంటూ ఒడ్డున కాచుక్కూర్చున్న మనిషి వెనక అన్ని అలలు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. చౌక డిస్కులో అది కథే. ఇందులో సినిమా.

కాబట్టి యాభై సినిమాల డబ్బా కనిపిస్తే చవగ్గా వస్తోందని కక్కుర్తి పడకండి. అట్ట మీద ఏ స్టూడియో పేరూ, ఏ ప్రింటు నుంచి తీశారన్న ముక్కా లేకపోతే అనుమానించండి.

దీనికి పూర్తిగా ఎదురు జబ్బు ఇంకొకటి, అతిగా తుడవడం. ఫిల్ము మీద సన్నటి రేణువులు కదులుతూ కనిపిస్తాయి. అవి దుమ్ము కాదు. ఫిల్ములోని వెండి రేణువుల వల్ల వచ్చేవి, బొమ్మ తయారైందే వాటితో. బ్లూ-రే మొదటి రోజుల్లో, బొమ్మ అద్దంలా ఉండాలని కొన్ని కంపెనీలు కంప్యూటర్‌తో ఆ రేణువులను తుడిచేశాయి. రేణువులతో పాటు చర్మం మీది గీతలు, చొక్కా నేత, గడ్డం వెంట్రుకలు కూడా పోయాయి. 2010లో వచ్చిన ప్రెడేటర్ బ్లూ-రే ఇందుకు పేరుమోసింది. అడవిలో చెమటలు కక్కుతూ నడిచే సైనికులు అందులో మైనపు బొమ్మల్లా ఉంటారు. పెద్ద ఫిల్ము మీద అద్భుతంగా తీసిన ప్యాటన్ 2008 బ్లూ-రేకీ ఇదే గతి పట్టింది. 2012లో మళ్లీ సరిగ్గా చేసి విడుదల చేశారు. చూశారా, సినిమా ఒకటే, బ్లూ-రే అన్న మాటా ఒకటే, డిస్కు విడుదలైన ఏడాదే తేడా. అందుకే అట్ట వెనక సినిమా ఏడాదితో పాటు డిస్కు ఏడాది కూడా వెతకండి.

దర్శకుడే చేతులారా మార్చిన సందర్భాలూ ఉన్నాయి. ది ఫ్రెంచ్ కనెక్షన్, 1971. వంతెన మీద రైలు, కింద బ్రూక్లిన్ వీధిలో కారు, ఆ వెంటపడే సీను అందరికీ తెలిసిందే. 2009 బ్లూ-రేకి దర్శకుడు విలియమ్ ఫ్రీడ్‌కిన్ రంగులన్నీ మార్చేశారు. వెలిసిపోయినట్టు, రంగులు అంచులు దాటి కారినట్టు అయింది. ఆ సినిమాకి ఛాయాగ్రాహకుడైన ఓవెన్ రాయిజ్‌మన్ దాన్ని బాహాటంగా తప్పుపట్టారు. తన కెమెరా పట్టినది అది కాదని ఒక మనిషి నిలబడి చెప్పడం నాకు ఎంతో నచ్చింది. 2012లో అసలు రంగులకు దగ్గరగా ఉన్న డిస్కు వచ్చింది. కొనేటప్పుడు ఆ రెండోదే అడగండి.

స్ట్రీమింగ్ ఉండగా డిస్కు ఎందుకు అని అడిగేవాళ్లకు కూడా ఈ సినిమాతోనే జవాబు చెప్పొచ్చు. 2023లో దీని స్ట్రీమింగ్ కాపీలో కొన్ని సెకన్ల సంభాషణ, జాతిని కించపరిచే మాట ఉన్నది, చెప్పా పెట్టకుండా మాయమైంది. ఆ మాట హేయమైనదే. ఆ పోలీసు ఎలాంటివాడో చూపించడానికే అది అక్కడుంది. పాత డిస్కు ఉన్నవాళ్ల ఇంట్లో సినిమా మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఏ డిస్కు మంచిదో తేల్చుకోవడానికి డీవీడీబీవర్, బ్లూ-రే డాట్ కామ్ సైట్లలో ఒకే సీను వివిధ డిస్కుల్లో ఎలా ఉందో బొమ్మలు పెడతారు. రాసిన పొగడ్తలు కాదు, ఆ బొమ్మలు చూడండి. ముఖం మీద చర్మం, జుట్టు, దూరంగా ఉన్న చెట్ల ఆకులు, ఈ మూడూ చూస్తే చాలు.

ఎక్కడ కొనాలి

అమెరికాలో ఉన్నవాళ్లు ముందు కార్డు తీసుకుని పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. డబ్బు ఖర్చు లేకుండా పాత సినిమాలు దొరికే చోటు అంతకంటే ఇంకోటి లేదు. మీ లైబ్రరీలో లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించి ఇస్తారు. చూశాక నచ్చితేనే కొనుక్కోవచ్చు. నెట్‌ఫ్లిక్స్ డిస్కులు పోస్టులో పంపడం 2023 సెప్టెంబరుతో ఆపేసింది, పెద్ద పెద్ద షాపుల్లో అరలు ఖాళీ అయ్యాయి, కాబట్టి ఇప్పుడు లైబ్రరీయే పెద్ద దిక్కు. తర్వాత గుడ్‌విల్ లాంటి పాత సామాన్ల షాపులు, లైబ్రరీ అమ్మకాలు. క్రైటీరియన్ డిస్కులు బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల షాపుల్లో జులైలో, నవంబరులో సగం ధరకు ఇవ్వడం ఏళ్లుగా ఉన్న ఆనవాయితీ. అప్పటిదాకా ఆగండి.

2009 నుంచి వార్నర్ ఆర్కైవ్ అడిగినవాళ్లకు అప్పటికప్పుడు రాసి ఇచ్చే డీవీడీ-ఆర్‌లు తెచ్చింది. ఎవరూ పట్టించుకోని వందల సినిమాలు అలా బతికాయి. వాటి అడుగు ఊదారంగులో ఉంటుంది. అచ్చేసిన డిస్కంత గట్టివి కావు. అదే సంస్థ తర్వాత తెస్తున్న బ్లూ-రేలు మాత్రం అచ్చేసినవే, ప్రింట్లు కళ్లకద్దుకునేలా ఉంటాయి. ట్వైలైట్ టైమ్ అని ఇంకొక సంస్థ, 2020లో మూతపడింది, సాధారణంగా సినిమాకి 3000 కాపీలే వేసేది. వాటికి ఇప్పుడు అడిగినంత ధర. అదే సినిమాని వేరే సంస్థ తర్వాత మళ్లీ తెచ్చిందేమో చూసుకున్నాకే డబ్బు పెట్టండి.

ఇండియాలో ఉన్నవాళ్లు పాత వీసీడీల జోలికి వెళ్లకండి. వాటిలో చుక్కలు డీవీడీలో నాలుగో వంతే. ఫుట్‌పాత్ మీద ‘ఒకే డిస్కులో ఐదు ఇంగ్లీషు సినిమాలు’ అని అమ్మేవి దొంగ కాపీలు. అసలు డిస్కుకి లోపలి కన్నం చుట్టూ అచ్చేసిన నంబరు, వెండిలానో లేత బంగారంలానో మెరిసే అడుగు ఉంటాయి.

చేతిలోకి తీసుకుని పరీక్షించండి

సెకండ్ హ్యాండ్ డిస్కుని పెట్టె తెరవకుండా కొనొద్దు. అంచులు మాత్రమే పట్టుకుని, దీపం వెలుగు జారేలా వాల్చి చూడండి. మధ్య నుంచి అంచుకి నిలువుగా ఉన్న సన్న గీతలు అంత ప్రమాదం కాదు, ప్లేయరు సర్దుకుంటుంది. డిస్కు తిరిగే దారి వెంబడే గుండ్రంగా ఉన్న గీత ఒక్కటి చాలు, బొమ్మ ఆగిపోవడానికి. డీవీడీలో సమాచారం రెండు ప్లాస్టిక్ పలకల నడుమ, పైనుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూ-రేలో లోతు 0.1 మిల్లీమీటరే, దాని మీద గట్టి పూత వేస్తారు. అందుకే బ్లూ-రే తొందరగా గీసుకోదు, గీసుకుంటే మాత్రం బాగుపడదు.

గీత ఒక్కటీ లేకపోయినా చెడిపోయే డిస్కులున్నాయి. లోపలి పొర పాడై, పాలు విరిగినట్టు మచ్చలు పడతాయి, లేదా పైకి ఏమీ కనపడకుండానే సగంలో ఆగిపోతుంది. 2006-2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్నిటికి ఈ సమస్య ఉందని వార్నర్ సంస్థే 2025లో ఒప్పుకుంది. కొన్న వారంలోపు డిస్కుని చివరిదాకా ఒకసారి ఆడించండి. మొదటి పది నిమిషాలు చూసి బాగుందనుకుంటే చాలదు, ఆగిపోయేది ఎక్కువగా సగం దాటాకే.

మురికిగా ఉంటే గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు, వేలితో మెల్లగా రుద్ది, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి. గుండ్రంగా తుడవొద్దు. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే గీతలు పోతాయని ఎవరో చెబుతారు, వినకండి. డిస్కులు నిలబెట్టి ఉంచండి, ఎండలో ఉన్న కారులో వదలకండి.

క్యాసెట్ల గురించి క్లుప్తంగా. ఆఖరి వీసీఆర్ 2016లో తయారైంది, ఆ తర్వాత కొత్తది లేదు. టేపు కిటికీలోంచి చూస్తే తెల్లగా బూజు కనిపిస్తే మెషీన్‌లో పెట్టొద్దు. అది మెషీన్‌కీ, అక్కణ్నుంచి మిగతా టేపులకీ అంటుకుంటుంది. మన వానాకాలాలు చూసిన క్యాసెట్లలో ఇది మామూలే. డిస్కుగా రాని సినిమా అయితేనే క్యాసెట్ వెతకండి.

టీవీని సరిచేశాకే వేయండి

ఇంత కష్టపడి మంచి డిస్కు తెచ్చి, టీవీని షాపువాడు పెట్టినట్టే వదిలేస్తే అంతా వృథా. మొదటి పని, కదలికను నున్నగా చేసే ఆప్షన్ ఆపేయడం. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అంటారు. అది ఉన్నంతసేపూ 24 ఫ్రేముల సినిమా మధ్యాహ్నం సీరియల్‌లా కనిపిస్తుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది ఒక్కటి నొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. షార్ప్‌నెస్ సున్నాకో, దాని దగ్గరకో దించండి, సోనీలో అయితే 50 దగ్గర ఉంచండి. మొదట మసకగా అనిపిస్తుంది, పావుగంటలో కళ్లు అలవాటుపడతాయి. నాలుగు అంచులూ కొంచెం కొంచెం కోసేసే సెట్టింగ్ ఒకటుంటుంది. జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ పెడితే పూర్తి బొమ్మ వస్తుంది. చదరపు సినిమాని సాగదీసి తెర నింపొద్దు, మనుషులు పొట్టిగా లావుగా అయిపోతారు.

మాటలు వినపడక, పేలుళ్లకు ఇల్లు దద్దరిల్లుతుంటే ప్లేయరులోనో టీవీలోనో ‘నైట్ మోడ్’ వెతకండి. గది లైట్లు ఆపి, టీవీ వెనక ఒక చిన్న దీపం ఉంచండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? 1957 నాటి 12 యాంగ్రీ మెన్. 96 నిమిషాలు, ఒకే గది, పన్నెండు మంది. నలుపు తెలుపుల్లో చెమట ఎలా మెరుస్తుందో చూడండి. సినిమా సాగేకొద్దీ దర్శకుడు సిడ్నీ లూమెట్ లెన్సులు మార్చుకుంటూ పోయి గోడలు దగ్గరికి జరిగినట్టు చేశారు. మంచి డిస్కులో అది స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత 85 నిమిషాల హై నూన్. అందులో గోడగడియారాల మీద ఓ కన్ను వేసి ఉంచండి, సినిమాలో జరిగే సమయం, మీ గదిలో జరిగే సమయం ఇంచుమించు కలిసి నడుస్తాయి. యాక్షన్ కావాలంటే 1968 బుల్లిట్. శాన్ ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల్లో కార్లు పది నిమిషాలు పరుగెడతాయి, పాట లేదు, సంగీతం కూడా దాదాపు లేదు, ఇంజన్ల మోతే.

నాన్న తిరిగి వెళ్లేటప్పుడు తనతో పాటు మెకన్నాస్ గోల్డ్ తీసుకెళ్తానన్నారు. మనదేశంలో అప్పట్లో విరగబడి ఆడిన సినిమా అది, ఆయన కుర్రతనంలో చూసింది. డిస్కు కొనేముందు ఫోనులో మా తమ్ముణ్ని ఇంట్లో ప్లేయరు మోడల్ నంబరు అడిగాను. నంబరు పెట్టి వెతికితే తాళం తీసే అంకెలు దొరికాయి, తమ్ముడు నొక్కి చూసి సరే అన్నాడు. వైడ్‌స్క్రీన్ అని, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ అని, 128 నిమిషాలు అని అట్ట వెనక నాన్నే కళ్లజోడు పెట్టుకుని చదివారు. డిస్కు తిప్పి అవతలి వైపు కూడా చూశారు. పెట్టెలో చీరల మడతల మధ్య, నిలబెట్టి సర్దారు.